ఎర్రనీళ్ళ మీద ఒక పూట

(బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి)

నాది భద్రాచలం దగ్గర అని చెబితే చాలు, హాస్టల్లో రెండో ప్రశ్న ఖాయంగా వస్తుంది. "పాపికొండలు టూరుకు ఎప్పుడొస్తే బాగుంటుంది?" అని. కార్తీకం నుంచి మాఘం దాకా రండి అంటాను. గోదావరి అద్దంలా వుంటుంది, లాంచీలో మైకు పాటలు, మధ్యాహ్నం అందులోనే భోజనం, ఫోటోలు బ్రహ్మాండంగా వస్తాయి. ఇందులో అబద్ధం ఏమీ లేదు. కాకపోతే అది టూరు వాళ్ళ పడవకాలం. అక్కడ పుట్టిపెరిగిన వాళ్ళ పడవకాలం వేరు. వానలు పడి, వాగులు పొంగి, మట్టిరోడ్లు తెగి, బస్సు రావడం మానేసినప్పుడు మొదలవుతుంది అది. టూరు లాంచీలను రేవులో కట్టేసే రోజుల్లోనే మా అమ్మమ్మ ఊరివాళ్ళకు పడవ లేకపోతే పూట గడవదు. ఆ సంగతి ఎవరూ అడగరు గనుక నేనే చెబుతున్నాను. మిత్రులు ఓపికపట్టి చదవాలి.

నిజానికి ఈ వ్యాసం రాయాలన్న ఆలోచన మన లైబ్రరీలో పుట్టింది. ఫిజిక్సు పుస్తకం వెతుకుతుంటే ఇంగ్లండు కాలువల మీద ఒక పాత పుస్తకం చేతికి తగిలింది. అందులో ఒక బొమ్మ. సన్నటి పొడుగాటి పడవ, దాన్ని నారోబోటు అంటారట. వెడల్పు ఏడడుగులు, పొడవు డెబ్బై అడుగుల దాకా. రైలుపెట్టెను నిలువునా చీల్చి నీళ్ళలో వదిలినట్టుంది. పద్దెనిమిదో శతాబ్దంలో జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు తన కాలువల లాకులను ఆ కొలతకు సరిపడా ఇరుకుగా కట్టించాడు, అంతే, ఆ తర్వాత పడవలన్నీ ఆ కొలతకే కట్టుబడ్డాయి. బొగ్గూ, పింగాణీ సామానూ మోసేవి. ఒడ్డున గుర్రం నడుస్తూ తాడుతో లాగేది. ఇప్పుడు సరుకు లేదు, జనం సెలవులకు అద్దెకు తీసుకుని షికారు చేస్తారు. బొమ్మలో హోరున వాన. పడవ తోకన చుక్కాని పట్టుకుని ఒకాయన నిలబడి వున్నాడు, ఒంటిమీద పసుపుపచ్చ రెయిన్‌కోటు, పక్కన పడవ కప్పు మీద టీ కప్పు. పైగా నవ్వుతున్నాడు!

డబ్బిచ్చి తడుస్తున్నాడు మహానుభావుడు, అనుకుని నేనూ నవ్వాను. తర్వాత తట్టింది. మా పడవ బాబాయ్ కూడా అచ్చం అలాగే, పడవ తోకన, వానలో నిలబడే నడుపుతాడు. తేడా అల్లా, ఈయన నెత్తిన మూల మడిచిన గోనెసంచి, ఆయన ఒంటిన రెయిన్‌కోటు. ఇంకో తేడా కాళ్ళ కింద వుంది. ఆయన కింద వున్నవి చెప్పిన మాట వినే నీళ్ళు. నాలుగైదు అడుగుల లోతు, దాదాపు కదలని నీరు, ఎక్కువైతే పక్కకు పోయేందుకు మత్తడి, ఎత్తు మారిన చోట లాకు. గంటకు నాలుగు మైళ్ళకు మించి పడవ పోకూడదని కట్టడి. అలాంటి చోట వాన ఒక సరదా. మా బాబాయ్ కింద వున్నది గోదావరి.

గోదావరిని కూడా అలా మాట వినేట్టు చెయ్యాలని ఒకప్పుడు పెద్ద ప్రయత్నమే జరిగింది. దాని ఆనవాళ్ళు భద్రాచలానికి సుమారు పాతిక కిలోమీటర్ల ఎగువన, దుమ్ముగూడెంలో వున్నాయి. పర్ణశాలకు పోయేవాళ్ళంతా ఆ దారినే పోతారు గానీ బండి ఆపి చూసేవాళ్ళు తక్కువ. నేను ఎనిమిదో క్లాసులో వుండగా నాన్నతో వెళ్ళినప్పుడు చూశాను. నదికి అడ్డంగా రాతి ఆనకట్ట, పక్కన కాలువ, లాకుల రాతిగోడలు. గోడల సందుల్లో రావిమొక్కలు. లాకు అంటే ఏమీ లేదు, రెండు తలుపుల మధ్య నీళ్ళగది. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూస్తారు, ముందు తలుపులోని తూము తీస్తారు, నీళ్ళు నిండేకొద్దీ పడవ తనంత తానే పైకి లేస్తుంది. మెట్లెక్కలేని పడవకు మెట్టు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తర్వాత ఆర్థర్ కాటన్ దొరకు ఈ ఎగువ గోదావరి మీద దృష్టి పడింది. వార్ధా లోయలో, బేరారులో పండే పత్తిని పడవల్లో సముద్రం దాకా దించాలన్నది ఊహ. మధ్యలో మూడుచోట్ల రాళ్ళ వరసలు అడ్డం. మొదటిది దుమ్ముగూడెం, రెండోది ఇచ్చంపల్లి, మూడోది ప్రాణహిత మీద దేవలమర్రి. ప్రతిచోటా ఆనకట్ట కట్టి, పక్కన కాలువ తవ్వి, లాకులతో ఆ రాళ్ళను దాటించాలని పథకం. కెప్టెన్ హేగ్ అనే ఇంజనీరు చేతిమీద పని నడిచింది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోవడంతో ఇంగ్లండు మిల్లులకు మన పత్తి మీద ఆశ పెరిగింది. 1865లో ఆ యుద్ధం ముగిసింది. 1867కల్లా బొంబాయి నుంచి నాగపూరుకు రైలు వచ్చేసింది. 1871లో పడవదారి పని కట్టిపెట్టారు. ఆ రాళ్ళు మాత్రం మిగిలాయి.

ఇదంతా నేను తర్వాత చదివి తెలుసుకున్నది. ఆ రోజు లాకు గోడ మీద నిలబడి, అక్కడి పెద్దాయన ఒకరు చెప్పింది విని నాన్న అన్నమాట మాత్రం బాగా గుర్తుంది. "పత్తి కోసమా ఇన్ని రాళ్ళు పేర్చింది! మన పత్తికి ఖమ్మం మార్కెట్టు దాకా లారీ కిరాయి ఎవడూ తగ్గించడు గానీ" అన్నాడు. మాకు నాలుగెకరాల పత్తి, ఎకరంన్నర మిర్చి. నాన్న ఏది చూసినా కిరాయితోనే కొలుస్తాడు. ఆ కొలత తప్పని నేనిప్పటికీ అనుకోను. 2008లో భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా 171 కిలోమీటర్ల గోదావరిని నాలుగో జాతీయ జలమార్గంలో కలిపారు. ఆ సంగతి చెబితే నాన్న, "సరే, కిరాయెంత?" అన్నాడు.

ఇక అమ్మమ్మ ఊరి సంగతి. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. అక్కణ్ణుంచి దిగువకు, కుడి ఒడ్డున, వేలేరుపాడు మండలంలో అడవికీ నదికీ మధ్య ఇరుక్కున్న ఊరు. అరవై డెబ్బై గడప. 2014లో ఆ మండలం ఆంధ్రప్రదేశ్‌లోకి పోయింది, మా బూర్గంపాడు దగ్గరి ఊరు తెలంగాణలో వుండిపోయింది. అమ్మ పుట్టిల్లు వేరే రాష్ట్రమైందని మేం ఎగతాళి చేస్తే అమ్మకు కోపం వచ్చేది. అది పోలవరం ముంపు ఊరు. జలాశయంలో నీళ్ళు నిండుగా నిలిపితే 150 అడుగుల మట్టం. ఊరు అంతకు కిందే. ఈ లెక్క ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత వరద అదే. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అమ్మమ్మ, మామయ్య, ఊరివాళ్ళు గుట్టమీద పట్టాల కింద తొమ్మిది రోజులు వున్నారు. దిగి వచ్చేసరికి మట్టిగోడలు కరిగి, పైకప్పు లేచిపోయి, గుమ్మం మాత్రం ఎక్కడో చింతచెట్టుకు తట్టుకుని వుందట. ఇంటి ముందు రోలు మాత్రం పెట్టినచోట పెట్టినట్టే వుంది. మామయ్య ఆ గుమ్మాన్ని తెచ్చి మళ్ళీ రెండు గదులు లేపాడు. మా ఇంటికి వచ్చెయ్యమని అమ్మ ఏడాదిపాటు ఫోన్లో పోరింది. చివరికి 2023 సెప్టెంబరులో, మామయ్యకు కాలనీలో ఇల్లు పూర్తయ్యేదాకా మా దగ్గర వుంటానని అమ్మమ్మ వొప్పుకుంది. నాన్నకు మిర్చినారు పని తలమునకలుగా వుంది. తీసుకురావడానికి నేను బయలుదేరాను.

మామూలుగా అయితే కుక్కునూరు మీదుగా వేలేరుపాడు, అక్కణ్ణుంచి ఆటో. నాలుగు రోజుల ముసురుకు ఆ దారిలో రెండు వాగులు తెగాయి. అందుకని భద్రాచలం వంతెన దాటి ఎడమ ఒడ్డున బస్సులో కూనవరం పోయి, అక్కడ పడవ ఎక్కాను. దిగువకు ప్రయాణం గనుక ఇట్టే అయిపోయింది. అసలు ప్రయాణం మర్నాడు ఉదయం, సామానుతో, ఎదురు నీటికి.

పడవ నాటుపడవే. వెనకాల డీజిల్ ఇంజను. చూడగానే గుర్తుపట్టాను, మా చేలో నీళ్ళు తోడే ఇంజనుకు సొంత అన్నదమ్ముడు. బాబాయ్ తోకన, ఆయన కొడుకు ముక్కున గెడ పట్టుకుని. అప్పటికే ఆరుగురు కూర్చుని వున్నారు. సంతకు వెదురు కొమ్ములు అమ్ముకోవడానికి పోయే కోయ ఆడవాళ్ళు ముగ్గురు, ఫైలు పట్టుకున్న మాస్టారు, ఇద్దరు పిల్లలు. మా సామాను రేవులో కుప్ప: రెండు బస్తాల వడ్లు, బూడిద కలిపిన కంది విత్తనాల కుండ, ఇనప్పెట్టె, ఆ టేకు గుమ్మం, ఆ రోలు.

బాబాయ్ అంచు దగ్గర కూర్చుని చెయ్యి నీళ్ళకు ఆనించి కొలిచాడు. నీటికీ పడవ అంచుకీ మధ్య మూరెడు వుండాలి. జానెడుకు వచ్చిందంటే బయలుదేరడు. ఆర్కిమెడీస్ సూత్రం నేను పరీక్షలో రెండుసార్లు రాశాను గానీ అది ఒకరి మోచేతి మీద కొలతగా వుంటుందని అప్పుడే చూశాను.

"పెద్దమ్మా, ఒకటి దించాలి. గుమ్మమో, రోలో. నువ్వే చెప్పు."

మామయ్య గుమ్మం దించుదామన్నాడు, కాలనీ ఇంటికి ఇనపతలుపు ఎలాగూ ఇస్తారని. అమ్మమ్మ కాసేపు మాట్లాడలేదు. కొంగు నెత్తిన కప్పుకుని ఆ రెంటినీ చూస్తూ నిలబడింది. ఆ రోలు ఆమె అత్తగారిదట. ఆ గుమ్మం తాతయ్య కోయించింది.

"రోలు దించయ్యా" అంది. "రోలెక్కడికీ పోదు. పోయినేడు వరదలో చూశాం గదా. గుమ్మమే తేలిపోద్ది."

మామయ్యా నేనూ దాన్ని మళ్ళీ ఇంటిముందుకు దొర్లించి వచ్చాం. అప్పటికి చినుకు మొదలైంది.

పడవ నది మధ్యకు పోదు, ఒడ్డు పట్టుకుని పాకుతుంది. ఒడ్డు మలుపు తిరిగినచోట, గట్టు ముందుకు పొడుచుకొచ్చినచోట దాని వెనక నీళ్ళు వెనక్కి తిరుగుతాయి. ఎదురునీరు అంటారు దాన్ని. ఆ ముక్కల్లో ఇంజనుకు ఊపిరి ఆడుతుంది. ఒక ఎదురునీటి నుంచి ఇంకో ఎదురునీటికి పాకడమే ఎగువ ప్రయాణం. దుంగలు ఎక్కడ తిరుగుతున్నాయి, నురుగు ఏ గీతమీద పోతున్నది, నీటిచర్మం ఎక్కడ నున్నగా వున్నది, ఎక్కడ ముడతపడ్డది, అన్నీ చూస్తూ పోవాలి. నున్నటిచోట కింద రాయి వుండొచ్చు.

వాన జోరందుకుంది. అప్పుడు అర్థమైంది నాకు వానలో పడవ నడపడంలో కష్టం ఎక్కడుందో. తడవడంలో లేదు. చినుకులు పడగానే నీటిమీద ఆ గుర్తులన్నీ చెరిగిపోతాయి. అంతా ఒకటే బూడిదరంగు పొక్కులు. బాబాయ్ కళ్ళు చికిలించి, తల పక్కకు వంచి, చూడ్డం మానేసి వింటున్నట్టు నడిపాడు. కొడుకు గెడతో లోతు చూసి కేకవేస్తున్నాడు. నేనూ మాస్టారూ కోసిన నూనెడబ్బాలతో అడుగునీళ్ళు తోడుతున్నాం. పిల్లలిద్దరికీ నారింజరంగు జాకెట్లు కట్టారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర టూరు బోటు మునిగి యాభై మంది దాకా పోయారు గదా, మా అమ్మకు అప్పటినుంచి పడవ అంటే గుండెదడ. నెలకు పైగా నీళ్ళలో వున్న ఆ బోటును అక్టోబరు 22న కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం తాళ్ళతో, లంగర్లతో పైకి లాగింది. అంతకుముందు 2018 మే 15న మంటూరు దగ్గర గాలివానకు మునిగిన లాంచీలో వున్నది టూరువాళ్ళు కాదు, కొండమొదలు వైపు ఊళ్ళవాళ్ళు, పనులమీద తిరిగేవాళ్ళు. దాన్ని గురించి హాస్టల్లో ఎవరికీ తెలియదు.

సగం దూరం దాటామనుకున్నాక ఇంజను ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. కొట్టుకొచ్చిన వలముక్క ఫంకాకు చుట్టుకుంది. ఆగిన మరుక్షణం పడవ అడ్డం తిరిగింది. అడ్డం తిరిగిన పడవ ఎలా వుంటుందో చెప్పడం కష్టం. అప్పటిదాకా మనకు ముందూ వెనకా వుంటాయి, ఆ తర్వాత వుండవు.

"కూచోండి! ఎవరూ లేవొద్దు! అంచు పట్టుకోవద్దు!" అని బాబాయ్ అరిచాడు. అంతకుముందు ఆయన గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. కొడుకు గెడ దింపాడు, అందలేదు. మళ్ళీ దింపాడు. మేం వచ్చిన దారినే కిందికి పోతున్నాం, ఒడ్డున చెట్లు ఎదురుగా పరిగెడుతున్నాయి. అమ్మమ్మ కందుల కుండను రెండు కాళ్ళ మధ్య బిగించి, ఇంకో చేత్తో పక్కనున్న పిల్లవాడి మెడ పట్టుకుంది. మూడోసారి గెడ నేలకు తగిలింది. దానితో ముక్కు ఒడ్డువైపు తిరిగింది. నడుముదాకా మునిగివున్న తుమ్మచెట్టు ఒకటి వచ్చింది, కుర్రాడు తాడు విసిరాడు. ముళ్ళు గీరుకుని చెయ్యంతా నెత్తురు. కానీ తాడు నిలిచింది.

బాబాయ్ కొడవలి నోట కరుచుకుని తోకన నీళ్ళలోకి దిగాడు. వల కోసి విప్పేసరికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ వాన ఆగలేదు. మేమంతా ఒకే నీలంపట్టా నెత్తిన కప్పుకుని, అంచులు పట్టుకుని కూర్చున్నాం. అమ్మమ్మ మూట విప్పి ఉడకేసిన మొక్కజొన్న కండెలు తలా సగం ఇచ్చింది. కోయ అవ్వ ఒకామె ఎండు చేప ముక్కలు ఇచ్చింది. మాస్టారు ఫైలును చొక్కా లోపల పెట్టుకుని, అందులో ఊరివాళ్ళ పునరావాస కాగితాలున్నాయనీ, అవి తడిస్తే మళ్ళీ మొదటికొస్తుందనీ చెప్పారు. అందరికీ అదే గొడవ. ఎవరికి ఏ కాలనీ, ఎవరి పేరు జాబితాలో వుంది, ఎవరి పేరు లేదు.

కాలనీలు రోడ్డుపక్కనే వున్నాయి, బస్సు ఇంటిముందు ఆగుతుంది, ఆసుపత్రి దగ్గర, అని మాస్టారు చెప్పుకొస్తున్నారు. అది మామూలు సంగతి కాదు. పురిటినొప్పులొస్తే పడవకోసం రేవులో దీపం పెట్టుకుని కూర్చున్న ఊళ్ళు అవి. అమ్మమ్మ అంతా విని, "అక్కడ రేవుంటదా అయ్యా?" అని అడిగింది. మాస్టారు జవాబు చెప్పలేదు. "బోరుంటుందమ్మా, ట్యాంకుంటుంది" అన్నారు కాసేపటికి. "నీళ్ళ సంగతి కాదయ్యా" అని అమ్మమ్మ కండె తినడంలో పడింది.

సైన్సు విద్యార్థిగా నేను ప్రాజెక్టులకు వ్యతిరేకిని కాను. కాలువనీళ్ళు లేక మా మిర్చి ఎండిన సంవత్సరాలు నాకు గుర్తున్నాయి, దిగువన రైతుకూ అదే బాధ వుంటుంది. కానీ ఆ పట్టా కింద కూర్చున్న పదిమందిలో ఎవరి చేతికీ ఆ కాలువ నీరు రాదు. ఈ రెండూ నిజమే. ఏదో ఒకటే నిజమన్నట్టు మన డిబేటింగ్ పోటీల్లో మాట్లాడేవాళ్ళను చూస్తే నాకు ఆ పట్టా గుర్తొస్తుంది.

కూనవరం చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. వాన వెలిసింది. సంగమం దగ్గర శబరి నీళ్ళు ఒక రంగు, గోదావరి నీళ్ళు ఎర్రగా ఇంకో రంగు, మధ్యలో గీత గీసినట్టు వుంది. గోదావరి పెద్దదైతే శబరిని రానివ్వదు, వెనక్కి తన్నుతుంది. అప్పుడు చింతూరు దాకా మునుగుతుంది. ఆ గీత ఎటు జరుగుతున్నదో చూసి బాబాయ్ రేపు పడవ వెయ్యాలా వద్దా తేల్చుకుంటాడు. "భద్రాచలంలో ఎన్నడుగులుందో చెప్పేవాడుంటే సగం చూపు వచ్చినట్టే అబ్బాయ్, మాకు ఇక్కడ ఫోనుకు సిగ్నలుంటే వుంటది, లేకుంటే లేదు" అన్నాడు. కిరాయి తీసుకుని, గుమ్మానికి మాత్రం వద్దన్నాడు.

అప్పటినుంచి వానాకాలం వస్తే నాకొక పని. హాస్టల్ మేడమీద నుంచి సాయంత్రం భద్రాచలం నీటిమట్టం చూసి ఆయనకు ఫోన్ చేస్తాను. నలభై మూడు దాటితే మొదటి హెచ్చరిక, నలభై ఎనిమిది దాటితే రెండోది. అడుగులు చెప్పగానే ఆయన, "పెరుగుతున్నదా, తీస్తున్నదా? నీళ్ళ రంగేంది?" అని అడుగుతాడు. రంగు ఏ వెబ్‌సైటులోనూ వుండదు. అప్పుడు నాన్నకు ఫోన్ చేసి వంతెన మీద పోయేవాళ్ళను అడగమంటాను.

గుమ్మం మా ఇంటి వెనక గోడకు ఆనించి వుంది, మామయ్య కాలనీ ఇల్లు ఇంకా పూర్తికాలేదు. కందులు రెండుసార్లు పండాయి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు నేను బాబాయ్‌కి ఫోన్ చేస్తుంటే అమ్మమ్మ మధ్యలో ఫోన్ లాక్కుంటుంది. అడుగులూ గిడుగులూ ఆమెకు అక్కర్లేదు. "మా రోలు కనపడుతుందా?" అని అడుగుతుంది. పోయిన అక్టోబరులో ఆయన ఊళ్ళోకి పోయి చూసి వచ్చి చెప్పాడు, "ఒండ్రులో నడుముదాకా కూరుకుంది పెద్దమ్మా, వుంది."